ఆదివారం ఎక్కువ పారే వాగు: ఒక పునరుద్ధరణ పనిలో మొదటి రెండేళ్ల కొలతలు

విజయవాడకు వాయవ్యంగా, కొండపల్లి గుట్టల వైపు నుంచి దిగే చిన్నాచితకా వాగులు కొన్ని బుడమేరులో కలుస్తాయి. వాటిలో ఒకదాని మీద రెండేళ్లు కొలతలు తీసిన కథ ఇది. ఏ వాగో చెప్పను. పని చేయించిన ట్రస్టు పేరు, ఒడ్డున ఉన్న అపార్ట్‌మెంట్ల పేరు కూడా రాయను. దూరాలు, ఇళ్ల లెక్కలు గుర్తుపట్టకుండా కొంచెం అటూఇటూ చేశాను. కొలతలు నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను. అందులో నా తప్పు ఉంది కాబట్టి అది దాచి రాస్తే ఈ కేసు ఎవరికీ పనికిరాదు.

నేపథ్యం

బాగుచేయడానికి తీసుకున్నది వాగు మొత్తం కాదు, 600 మీటర్ల ముక్క. పైన గుట్ట, కింద రోడ్డు కల్వర్టు. ఒకప్పుడు రెండు గట్లా ఈతచెట్లు, వావిలి పొదలు ఉండేవని ఊళ్లో పెద్దవాళ్లు చెప్పారు. మేం వెళ్లేసరికి ఉన్నది సర్కారు తుమ్మ, కూల్చిన ఇళ్ల కాంక్రీటు పెళ్లలు, నిలువునా కోసుకుపోయిన గట్టు. 2023 ఏప్రిల్ నుంచి జూన్ దాకా పని జరిగింది. చెత్త ఎత్తారు, తుమ్మను జేసీబీతో వేళ్లతో సహా పీకారు, గట్టును ఒకటికి రెండు వాలుగా పడుకోబెట్టారు, కొబ్బరి పీచు చాపలు పరిచారు. నీటి అంచున వట్టివేరు, ఆ పైన వావిలి కొమ్మలు, ఇంకా పైన కానుగ, నేరేడు, తెల్లమద్ది నాటారు. వాగు అడుగున అక్కడక్కడా గుట్ట రాళ్లతో మెట్లలాంటి అడ్డాలు కట్టారు.

నేను డిజైన్ చేయలేదు. నన్ను పిలిచింది తర్వాత రెండేళ్లు చూడటానికి. పనికి ముందు నేను ఇచ్చిన బేస్‌లైన్ రిపోర్టు మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: "ఈ వాగు వర్షాధారం, జూలై నుంచి మహా అయితే సంక్రాంతి దాకా పారుతుంది, తర్వాత ఎండిపోతుంది." ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

ఏం కొలవాలనుకున్నాం, ఎంత కొలవగలిగాం

ప్రతిపాదనలో 23 అంశాలు రాశాను. నిధులిచ్చేవాళ్లకు పొడవాటి పట్టిక చూస్తే తృప్తిగా ఉంటుంది. నా దగ్గర ఉన్నది బైకు మీద వచ్చే ఇద్దరు డిగ్రీ పిల్లలు, ఎత్తుల తేడా కొలిచే ఒక లెవలింగ్ పరికరం, నీటిలో ముంచి చూసే రెండు చేతి మీటర్లు. దసరా నాటికి 23 కాస్తా ఏడయ్యాయి: వీ-నాచ్ దగ్గర నీటి మట్టం, నీటి విద్యుత్ వాహకత (మేం ఈసీ అంటాం, నీటిలో లవణాలు పెరిగితే ఇదీ పెరుగుతుంది), నీటిలో కరిగిన ఆక్సిజన్, మొక్కల లెక్క, ఎనిమిది చోట్ల వాగు అడ్డకోత (ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నేల ఎత్తుపల్లాలు), అవే మేకుల దగ్గర నిలబడి తీసే ఫొటోలు, పక్కనున్న రెండు బావుల్లో నీటి లోతు. ప్రతి మంగళవారం పదకొండు, ఒంటిగంట మధ్య కొలిచేవాళ్లం. ఆ వేళే ఎందుకంటే పిల్లలకు క్లాసులు లేనిది అప్పుడే. అంతకుమించిన శాస్త్రీయ కారణం ఏమీ లేదు.

వీ-నాచ్ గురించి తెలియనివారికి రెండు మాటలు. వాగుకు అడ్డంగా ఒక రేకు బిగించి, దానిలో 90 డిగ్రీల కోణంలో వీ ఆకారపు గాటు పెడతారు. గాటు మొన మీద నీరు ఎంత ఎత్తున ఉందో కొలిస్తే సెకనుకు ఎన్ని లీటర్లు పారుతోందో లెక్క తేలుతుంది. అయిదు సెంటీమీటర్లు ఉంటే సెకనుకు ముప్పావు లీటరు చిల్లర. పది సెంటీమీటర్లయితే నాలుగు లీటర్లు దాటుతుంది. ఎత్తు రెట్టింపైతే ప్రవాహం అయిదున్నర రెట్లు పైనే పెరుగుతుందన్న మాట. చిన్న వాగులకు ఇంతకంటే చవకైన మంచి పరికరం లేదు.

మొదటి వానాకాలం మొక్కలకు కలిసిరాలేదు. దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదని వాతావరణ శాఖ చెప్పిన ఏడాది అది. ట్యాంకర్లతో నీళ్లు పోయించి మొక్కల్ని బతికించారు. ట్యాంకరు ఆపితే ఎన్ని నిలుస్తాయో తెలియదు కాబట్టి అప్పటి లెక్కను నేను రిపోర్టులో పెట్టనన్నాను. ట్రస్టు వాళ్లు పెట్టమన్నారు. చివరికి కింద ఒక చిన్న గమనికతో పెట్టాం. ఆ గమనిక ఎవరూ చదవలేదు.

వాగు బతికిందన్న వార్త

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడా బాగా కురిసింది, వీ-నాచ్ రెండు రోజులు నీట మునిగింది. సంక్రాంతి దాటింది, వాగు పారుతోంది. ఫిబ్రవరి దాటింది, పారుతోంది. మార్చిలో ఎండలు ముదిరాక కూడా ప్రతి మంగళవారం గాటు మీద అయిదు సెంటీమీటర్ల నీరు, ఇంచుమించు ఒకే మట్టంలో.

ట్రస్టు వాళ్ల ఆనందానికి హద్దుల్లేవు. ఫ్లెక్సీ కొట్టించారు. మార్చి రిపోర్టులో నేను రాసిన వాక్యం ఇది: "తుపాను నీరు వాలు చేసిన గట్లలోకి ఇంకి ఊటగా తిరిగి వస్తోందని భావించవచ్చు."

ఎందుకు నమ్మానో చెప్పాలి, ఎందుకంటే ఆ నమ్మకం మరీ తెలివితక్కువది కాదు. పెద్ద తుపాను వచ్చింది. నీటి ఉరవడిని ఆపే అడ్డాలు మేమే కట్టాం. నీరు నిలకడగా ఉంది, ఊట అయితే అలాగే ఉంటుంది. ఈసీ డిసెంబరులో 400 మైక్రోసీమెన్స్ దగ్గర ఉన్నది మార్చికి 1,100 దాటింది. వాననీటిలో లవణాలు తక్కువ, రాళ్లలో నానిన భూగర్భ జలంలో ఎక్కువ, కాబట్టి ఊటే అనుకున్నాను. ఆక్సిజన్ లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములకు పైనే చూపిస్తోంది. మురుగైతే అంత ఉండదు కదా! ఒక్కో అంకెకూ ఒక్కో సంజాయిషీ నా దగ్గర తయారుగా ఉంది. అన్నీ నేను వినాలనుకున్న దిక్కుకే తిరిగి ఉన్నాయి.

మార్చి నెలాఖరులో మేకలు కాసే ఒక తాత వీ-నాచ్ దగ్గర ఆగాడు. ఆయన్ను అంతకుముందు చాలాసార్లు చూశాను. పలకరింపుతోనే సరిపెట్టుకునేవాళ్లం.

"మంగళారం మంగళారం వచ్చి ఏం కొలుత్తావమ్మాయ్? ఆదివారం రా. ఆదివారం ఎక్కువ పారుద్ది."

నవ్వి ఊరుకున్నాను. బస్టాండు దాకా వచ్చాక ఆ మాట మళ్లీ తగిలింది. ఊటకు వారాలు తెలియవు.

మూడు అనుమానాలు, ఒక తాడు

ఆ రాత్రి కాగితం మీద మూడు అవకాశాలు రాసుకున్నాను. ఒకటి ఊట. రెండు, ఎక్కడో పగిలిన మంచినీళ్ల పైపు. మూడు, మురుగు. ఒక్కొక్కటీ నిజమైతే ఏం కనబడాలి అని పక్కన రాశాను. ఈ పని నవంబరులో చేయాల్సింది.

మంచినీళ్ల పైపు అయితే ఈసీ అంత పెరగకూడదు. అది సులువుగానే పోయింది. ఊటా మురుగా అన్నది తేల్చడానికి ఈసీ పనికిరాదు. రెండిటిలోనూ లవణాలు ఎక్కువే. అప్పుడు బావులు గుర్తొచ్చాయి. ఊట వాగులోకి రావాలంటే పక్కన భూగర్భ జల మట్టం వాగు అడుగు కంటే పైన ఉండాలి. నీరు కింది నుంచి పైకి ఎక్కదు.

బావుల లెక్క మా దగ్గర సెప్టెంబరు నుంచీ ఉంది. కానీ దాన్ని బావి ఒర మీద నుంచి తాడు వదిలి కొలిచాం. వాగు అడ్డకోతలను బెంచ్‌మార్క్ రాయి నుంచి కొలిచాం. ఒక లెక్కకు ఒర సున్నా, ఇంకో లెక్కకు రాయి సున్నా. రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ఫైళ్లలో ఆరు నెలలు పక్కపక్కన పడుకున్నాయి గానీ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. మర్నాడు లెవలింగ్ పరికరం పెట్టి బెంచ్‌మార్క్ నుంచి ఒర పైఅంచు దాకా మట్టం మోసుకెళ్లాం. గంటన్నర పని. దగ్గర బావిలో నీరు వాగు అడుగు కంటే మూడున్నర మీటర్ల కింద ఉంది. రెండోది ఇంకా కింద.

అంటే వాగుకు ఊట రావడం లేదు. వాగే నేలకు నీళ్లు వదులుతోంది. అది ఏ నీరో తేలాలి.

శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా అరగంటకొకసారి మట్టం చూశాం. పిల్లలు వంతులేసుకున్నారు, టార్చిలైటు, దోమల బిళ్లలు, ఫ్లాస్కు నిండా టీ. రాత్రి రెండు గంటలకు గాటు మీద నీరు రెండు సెంటీమీటర్లకు పడిపోయింది. అంత తక్కువ మట్టంలో నీరు రేకును అంటుకుని జారుతుంది, లెక్కను పెద్దగా నమ్మకూడదు. దాదాపు ఆగిపోయిందన్నది మాత్రం కళ్లకే తెలుస్తోంది. ఆదివారం ఆరున్నరకు అయిదు. ఎనిమిదిన్నరకు తొమ్మిది, పైన తెల్లటి నురగ. పదకొండున్నరకు మళ్లీ అయిదుకు దిగింది. సోమవారం పొద్దున మాత్రం ఏడు దాటలేదు.

మేం ప్రతి మంగళవారం పదకొండింటికి వెళ్లడం వల్ల స్నానాలు, బట్టలు అయ్యాక, వంటింటి గిన్నెలకు ముందు ఉండే ఆ అయిదు సెంటీమీటర్లనే చూస్తూ వచ్చాం. నిలకడ వాగుది కాదు, మా టైంటేబుల్‌ది.

ఆక్సిజన్ సంగతీ ఆ రాత్రే తేలింది. మురుగులోని పోషకాలు తిని పెరిగిన పాచి పగటి ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే పాచి ఆక్సిజన్ తాగేస్తుంది. మధ్యాహ్నం ఎనిమిది చూపించిన మీటరు తెల్లారుజామున అయిదింటికి 1.2 చూపించింది. చేపల పెంపకానికి పనికొచ్చే నీటిలో కనీసం నాలుగు ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. మేం నవంబరులో చూసిన చిన్న చేపలు ఫిబ్రవరి నుంచి ఎందుకు కనబడటం లేదో అప్పుడు అర్థమైంది. ఫొటోల్లో ఆ పచ్చదనాన్ని కూడా నేను ప్రగతి ఖాతాలోనే వేశాను, అది వేరే విషయం.

ఎంతమంది నీళ్లు ఇవి? రోజు మొత్తం లెక్కిస్తే సగటున సెకనుకు 0.8 లీటర్లు, అంటే రోజుకు 69 వేల లీటర్ల పైచిలుకు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరా, అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని ఇంజనీర్లు వేసుకునే లెక్క. ఆ చొప్పున మనిషికి 108 లీటర్లు. భాగిస్తే 640 మంది. ఇంటికి నలుగురైతే 160 ఇళ్లు. మా ముక్కకు ఎగువన, తుమ్మ పొదల వెనక, అంతకు ముందు ఏడాదే జనం దిగిన అపార్ట్‌మెంట్ల సముదాయం ఒకటి ఉంది. పైపు ఎక్కడుందో వెతకడానికి పది నిమిషాలు పట్టింది.

బెడిసికొట్టినవి

స్థానిక సంస్థకు ఫొటోలతో, అంకెలతో వినతి ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసిచ్చారు. ఆ ముద్ర ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

పైపును సిమెంటు బస్తాలతో మూసేద్దామని మా పిల్లల్లో ఒకడు పట్టుబట్టాడు. వాడి ఆవేశం నాకూ ఉంది. వద్దన్నాను. మూస్తే నీరు మాయం కాదు, కింది అంతస్తు బాత్రూముల్లోకి ఎదురుతన్నుతుంది, లేదా వాననీటి కాలువ పట్టుకుని ఇంకో చోట దిగుతుంది. పైగా ఆ 160 ఇళ్లవాళ్లు ఒక్కరోజులో మాకు శత్రువులవుతారు. మూసే హక్కు మాకు ఎలాగూ లేదు.

ట్రస్టు సభ్యులొకరు జమ్ము, మెట్టతామర వేసి అక్కడే శుద్ధి చేద్దామన్నారు. మొక్కల మడుగుతో శుద్ధికి వెచ్చటి ప్రాంతాల్లోనే మనిషికి కనీసం ఒక చదరపు మీటరు కావాలి, అదీ మడ్డి ముందే తేర్చాక. మా వాగు వెడల్పు మూడు మీటర్లు. లెక్క కుదరదని చెప్పాను. అయినా ఆయన మాట కాదనలేక చిన్న మడి వేయించాను. మూడు వారాల్లో కంకర సందులు మడ్డితో పూడిపోయి నీరు పైనుంచి పొర్లింది. దోమలు, కంపు. తవ్వి తీసేశాం. ఇది నా మెతకదనం. లెక్క తేలిన చోట మొహమాటపడ్డాను.

పనిచేసినది

అపార్ట్‌మెంటు సంఘానికి ఉత్తరం రాస్తే "మాకు ఎస్‌టీపీ ఉంది" అని జవాబొచ్చింది. అది అబద్ధం కాదు. మురుగు శుద్ధి ప్లాంటు ఉంది, పటంలోనూ ఉంది, నేలమాళిగలోనూ ఉంది. కాబట్టి "మీరు మురుగు వదులుతున్నారు" అని మళ్లీ రాస్తే వాదన తప్ప ఏమీ రాదు. అంకెలు చూపించడం కంటే నీరు చూపించడం మేలనిపించింది. ఏప్రిల్ మొదట్లో ఒక ఆదివారం పొద్దున ఏడింటికి కాఫీ తాగి రమ్మని సంఘం వాళ్లను వాగు దగ్గరకు పిలిచాను. నలుగురు వచ్చారు. ఏమీ చెప్పలేదు. స్కేలు ఆయన చేతికే ఇచ్చాను, ఆయనంటే సంఘం సెక్రటరీ, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి.

ఏడుంబావుకు ఆరు. "ఆరు" అని ఆయనే పైకి చదివారు. ఏడున్నరకు ఏడు. ఎనిమిదికి ఎనిమిదిన్నర. పైనుంచి నురగ, ఆ వెనక వాషింగ్ పౌడరు వాసన తెలిసిపోతోంది. ఆయన భార్య రేకు వైపు వంగి చూసి, "ఏమండీ, మెషీన్ వేసొచ్చాను ఇందాక. మన బట్టలే ఇవి," అన్నారు. ఎవరూ నవ్వలేదు, తర్వాత అందరూ నవ్వారు. కోపం తెచ్చుకోవడానికి అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.

తిన్నగా నేలమాళిగకు వెళ్లాం. మురుగులోకి గాలి ఊదే బ్లోయరు ఆపేసి ఉంది. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని కాంట్రాక్టు మనిషి రోజుకు రెండు గంటలే వేస్తున్నాడట. గాలి అందకపోతే మురుగును తినే సూక్ష్మజీవులు చస్తాయి. ప్లాంటు వట్టి తొట్టెగా మిగులుతుంది. బిల్లు తగ్గిందని మెచ్చుకున్నది సంఘం వాళ్లే. ఏ మీటింగులో మెచ్చుకున్నారో కూడా సెక్రటరీకి గుర్తుంది.

బ్లోయరు నిరంతరం నడిపించడానికి, శుద్ధయిన నీటిని తోటకు, ఫ్లష్ ట్యాంకులకు తిప్పడానికి నెల పట్టింది. మొత్తంగా ఆగలేదు. రాత్రిపూట సన్నటి ధార కొంతకాలం వచ్చింది.

మే రెండో వారానికి వాగు ఎండిపోయింది.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ట్రస్టు నుంచి ఫోనొచ్చింది: "పారుతున్న వాగును ఎండబెట్టారేంటి మేడమ్?" వాళ్ల దృష్టిలో న్యాయమే. ఫ్లెక్సీ ఇంకా కట్టే ఉంది. మా ఒప్పందంలో "వేసవి ప్రవాహం పెరుగుదల" అని ఒక అంశం ఉంది, దాన్ని బట్టి చివరి వాయిదా చెల్లింపు. ఆ అంశానికి ఒప్పుకుని సంతకం పెట్టింది నేనే. వర్షాధారపు వాగు వేసవిలో ఎండిపోవడం రోగం కాదని, బేస్‌లైన్ మూడో పేజీ తీసి చూపించాను. వాయిదా సగమే వచ్చింది.

2024 సెప్టెంబరు

సెప్టెంబరు 1 వరద గురించి విజయవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. మా వాగు దగ్గరకు వెళ్లడానికే వారం పైన పట్టింది. ఇళ్లు మునిగినవాళ్ల మధ్య నుంచి లెవలింగ్ కర్ర పట్టుకుని నడవడం సిగ్గనిపించిన మాట నిజం.

బెంచ్‌మార్క్ రాయి గట్టుతో సహా పోయింది. ఏడాదిన్నర అడ్డకోతలన్నీ దాని మీదే ఆధారం. అదృష్టం కొద్దీ, మొదటి రోజు మాతో వచ్చిన పాత సర్వేయరు ఎగువన గుట్ట బండ మీద ఉలితో ఒక గాటు కొట్టించాడు. ఆ ఎండలో అదెందుకని అప్పుడు విసుక్కున్నాను కూడా. ఆ గాటు వల్లే ఎనిమిదిలో ఆరు అడ్డకోతలు పోల్చగలిగాం. వంపు బయటి వైపు రాళ్లు పేర్చిన చోట నీరు రాళ్ల అడుగు నుంచి మట్టి లాగేసి గట్టు మీటరు పైన వెనక్కి పోయింది. దానికి ఎదురుగా వావిలి కొమ్మలు నాటిన చోట పొదలు పడుకుని లేచాయి, గట్టు నిలబడింది. రాతి అడ్డాల్లో రెండు కొట్టుకుపోయాయి. కొబ్బరి పీచు చాప ముక్కలు కల్వర్టు దగ్గర చిక్కుకుని దొరికాయి. మేం నాటని రెల్లు మాత్రం ఇసుక మేట పడిన ప్రతిచోటా తనంతట తానే మొలిచింది. నాటిన వాటికంటే అదే ఎక్కువ నేలను పట్టుకుంది, బిల్లు లేకుండా.

ఇప్పుడు నేను చేస్తున్నవి

ఏ స్థలంలోనైనా బావి ఒర, వాగు అడుగు, వీ-నాచ్ మొన, మూడూ ఒకే సున్నాకు కట్టకుండా రెండో వారం కొలతకు వెళ్లను. కొలిచే వేళ మారుస్తాను. నెలకోసారి ఒక పూర్తి రాత్రి, అది ఆదివారం కలిసొచ్చేలా. మట్టం గుర్తులు రెండు, ఒకటి కదలని బండ మీద. ప్రతి సీజను ముందు "ఏం కనబడితే నా అంచనా తప్పు" అని ఒక పేరా రాసి, తేదీ వేసి, ట్రస్టుకు కూడా పంపిస్తాను. మంచి వార్త అనిపించిన అంకెను రెండు వారాలు ఎవరికీ చెప్పను. దీనివల్ల పిల్లలు నన్ను అనుమానపు పక్షి అంటున్నారు.

2025లో వాగు ఫిబ్రవరి రెండో వారం దాకా పారింది. బేస్‌లైన్ కంటే నెల ఎక్కువ. కానీ 2024 వానలు ఎలాంటివో తెలుసు కదా, ఆ నెలను పునరుద్ధరణ ఖాతాలో వేయలేదు. ఒక ఎండు ఏడాది చూశాక చెబుతానని రిపోర్టులో రాశాను.

మార్చిలో ఒక మంగళవారం వెళ్లేసరికి తాత ఎగువన బండ అడ్డున్న చోట ఇసుకలో చెలమ తీస్తున్నాడు. మూర లోతు దిగాక చెమ్మ తగిలింది, ఇంకో జానెడు తీస్తే నీళ్లు ఊరాయి. మొదటి రెండు దోసిళ్లు బయట పోసి, తేటపడ్డాక తను తాగి, మేకల్ని వదిలాడు. ఈసీ మీటరు ముంచాను: 520. స్కేలుతో లోతు కొలుస్తుంటే, "ఇది కూడా రాత్తావా?" అన్నాడు.

ఎనిమిదో అంశంగా రాసుకున్నాను.